గోదారి ఒండ్రు వెంట నాలుగు రోజులు: రామప్ప చెరువు బుడగల నుంచి సముద్రపు అడుగు ఊటల దాకా

సముద్రపు అడుగున మట్టి పొరల్లోంచి మీథేన్ గ్యాసు, దానితో కలిసిన నీరు ఊరుతూ ఉండే చోట్లను కోల్డ్ సీప్స్ అంటారు. చల్లని ఊటలన్నమాట. అలాంటి ఊట ఒకటి మన గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు 2018లో సింధు సాధన నౌక మీద వెళ్లి దాన్ని గుర్తించారు. 1,700 మీటర్ల పైచిలుకు లోతు, ఎండ పొడ సోకని చీకటి. అయినా అక్కడ చిప్పలు గుంపులు గుంపులుగా బతుకుతున్నాయి.

ఆ లోతుకు వెళ్లే వీలు మనకు లేదు. కానీ ఆ ఊటకు మూలమైన బురదలో కొంత కాళేశ్వరం రేవు ముందు నుంచే పోతుంది. అంతేకాదు, బురదలో గ్యాసు పుట్టడం, గ్యాసు రాతిలో ఇరుక్కోవడం, నది బరువు మోసుకెళ్లడం, లోపలి ఒత్తిడికి నీరు పైకి తన్నడం, ఈ నాలుగూ ఉత్తర తెలంగాణలో విడివిడిగా కనిపిస్తాయి. హనుమకొండ నుంచి రామప్ప, భూపాలపల్లి, కాళేశ్వరం, చివరికి మణుగూరు పక్కన పగిడేరు. నాలుగు రోజులు చాలు.

మొదటి రోజు: రామప్ప చెరువు

ఏప్రిల్ మొదటివారంలో బయలుదేరాం. ఎండలకు చెరువు నీరు తగ్గుతుంది, అడుగు బురద వేడెక్కుతుంది. వేడికి సూక్ష్మజీవుల పని జోరందుకుంటుంది, పైన నీటి బరువు తగ్గేసరికి బురదలో చిక్కుకున్న గ్యాసు సులువుగా లేస్తుంది. వానాకాలంలో వెళ్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. పాకాల చెరువు కూడా దగ్గరే, అందమైనదే. కానీ అందులో మొసళ్లున్నాయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేసే పనికి అది కుదరదు.

తెచ్చుకున్న సామాను: నూనె డబ్బాల దగ్గర వాడే పెద్ద ప్లాస్టిక్ గరాటు (మూతి 30 సెంటీమీటర్లు), లీటరు సీసాలు నాలుగు, రెండు లీటర్ల సీసా ఒకటి, 50 మిల్లీలీటర్ల సిరంజి, ఆరడుగుల వెదురు బొంగు, అద్దంలా కనిపించే ప్లాస్టిక్ గొట్టం అర మీటరు, దానికి రెండు రబ్బరు బిరడాలు, పాన్ డబ్బాలో దొరికే సున్నం, అద్దెకు తెచ్చిన గ్యాస్ డిటెక్టర్.

ఎక్కడ దిగాలో చేపలు పట్టేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "అన్నా, బుడగలు యాడ ఎక్కువ లేస్తయి?" అని అడిగితే, "తుంగ ఒత్తుగ పెరిగిన కాడ, మత్తడికి దూరంగ చూడుండ్రి" అన్నాడు వల సర్దుకుంటున్నాయన. సరైన మాట. మత్తడి దగ్గర పారే నీటికి మెత్తటి ఒండ్రు నిలవదు. తుంగ ఏటేటా చచ్చి కుళ్లే మూలన బురద మోకాలి దాకా దిగబడుతుంది, గ్యాసు అక్కడే పుడుతుంది.

పని ఇలా. సీసాను నీళ్లలో ముంచి, లోపల ఒక్క గాలి బుడగ కూడా మిగలకుండా నింపాలి. గరాటును కూడా పూర్తిగా ముంచి, పక్కకు వంచి, అంచున చిక్కిన గాలిని వదిలేయాలి. ఆ తర్వాత గరాటు మూతిని బురద వైపు బోర్లించి, నిండు సీసాను నీళ్లలోనే గరాటు కాడ మీద తలకిందులుగా పెట్టాలి. ఇప్పుడు బొంగుతో గరాటు కింది బురదను మెల్లగా పొడవాలి. గుడగుడమని లేచిన గ్యాసు సీసాలోకి చేరుతూ నీళ్లను కిందికి నెడుతుంది. సీసాలో నాలుగు వేళ్ల నీళ్లు మిగిలి ఉండగానే ఆపి, మూత నీళ్లలోపలే బిగించాలి. ఆ మిగిలిన నీరే గ్యాసుకు తాళం. సీసాను తలకిందులుగానే మోసుకెళ్లాలి, నిలబెడితే మూత సందుల్లోంచి గ్యాసు జారిపోతుంది.

చాలామందికి తప్పు జరిగేది గరాటు దగ్గర. దాని భుజాన చిక్కిన గాలి ముందుగా సీసాలోకి పోతుంది, లెక్క మొత్తం పాడవుతుంది. బొంగుతో గట్టిగా కలియబెట్టినా నష్టమే. బురద గరాటు కాడలో ఇరుక్కుని దారి మూసుకుపోతుంది.

1776 నవంబరులో ఇటలీలోని మజ్జోరే సరస్సు ఒడ్డున వోల్టా చేసినది ఇంచుమించు ఇదే. కర్రతో బురద కదిపి, లేచిన గ్యాసును సీసాలో పట్టి, అది మండుతుందని చూపించాడు. బ్యాటరీ కనిపెట్టిన వోల్టానే ఆయన. మనం మాత్రం చెరువు దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. సీసా మూత తీసి మంట చూపినప్పుడు లోపల ఏ పాళ్లలో కలిసిందో చెప్పలేం.

మండించకుండానే పరీక్షించవచ్చు. సున్నపు తేటను సిరంజిలోకి కొంచెం తీసుకుని, అందులోకే సీసాలోని గ్యాసు లాగి ఊపాలి. తేట పాలలా తెల్లబడితే బొగ్గుపులుసు వాయువు ఉన్నట్టు. మిగిలిన గ్యాసులో ఎక్కువ భాగం మీథేన్, కొంత నత్రజని. డిటెక్టర్ వాడేవాళ్లు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సీసాలోని గ్యాసును నేరుగా చూపిస్తే ముల్లు పైకి లేచి వెంటనే కిందికి పడిపోతుంది. గ్యాసు లేదని కాదు. మామూలు డిటెక్టర్ లోపలి పూస గ్యాసును కాల్చి కొలుస్తుంది. ఆక్సిజన్ లేని గ్యాసులో ఆ పూస పనిచేయదు. అందుకని 20 మిల్లీలీటర్లు సిరంజితో తీసి, రెండు లీటర్ల సీసాడు మామూలు గాలిలో కలపాలి. నూటికి ఒక వంతు అయింది. అసలు గ్యాసులో 60 శాతం మీథేన్ ఉంటే ఇప్పుడు 0.6 శాతం. మంటకు కావలసిన 5 శాతాన్ని వందగా చూపే డిటెక్టర్ మీద 12 దగ్గర ఆగుతుంది.

అసలు చూడదగ్గది గొట్టంలో ఉంది. గొట్టాన్ని బురదలోకి నిటారుగా దించి, పై బిరడా ముందు బిగించి, అప్పుడే పైకి లాగాలి. బిరడా మరిచిపోయి లాగితే బురద మొత్తం జారి కింద పడుతుంది. పైకి తీసి కింది బిరడా పెట్టి, వెలుతురులో చూస్తే, అన్నిటికన్నా పైన గోధుమరంగు పొర, గోరు మందమే. గాలి చేరేది అంతవరకే. దాని కింద ఒక్కసారిగా కాటుక నలుపు. ఆ నలుపు ఇనుము, గంధకం కలిసిన ఐరన్ సల్ఫైడ్. ఇంకా కిందికి పోతే బూడిద రంగు, అందులో పప్పుగింజంత గ్యాసు సందులు. నల్ల బురద చెంచాడు తీసి ఆకు మీద పెడితే కాసేపటికే అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. గాలి తగిలి ఇనుము తుప్పు పట్టడం కళ్ల ముందే జరుగుతుంది.

సముద్రపు అడుగున కూడా ఇదే వరస, కొలతల్లోనే తేడా. ఆక్సిజన్ అయిపోయాక సముద్రపు బురదలో జీవులు సల్ఫేట్‌ను వాడుకుంటాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంది. అది అయిపోయేదాకా మీథేన్ పుట్టించే ఆర్కియా అనే సూక్ష్మజీవులకు తిండి దొరకదు. చెరువు నీటిలో సల్ఫేట్ చాలా తక్కువ కాబట్టి ఇక్కడ మీథేన్ కొన్ని వేళ్ల లోతులోనే మొదలవుతుంది, సముద్రంలో అనేక మీటర్ల కింద. రామప్ప బుడగను అందుకోవడం ఇంత తేలిక కావడానికి కారణం ఇదే.

రెండో రోజు: భూపాలపల్లి

రామప్ప నుంచి గణపురం మీదుగా భూపాలపల్లి దగ్గరే. ఇక్కడి బొగ్గు గోండ్వానా కాలపు అడవుల బురద, పాతికకోట్ల ఏళ్లకు పైబడినది. నిన్నటి నల్ల బురద మీద కిలోమీటర్ల మందం మట్టి పడితే ఏమవుతుందో చూడాలంటే ఓపెన్‌కాస్టు గని అంచున, అనుమతి ఉన్న చోట నిలబడి పొరలను చూస్తే చాలు. ఇసుకరాయి, షేల్, బొగ్గు, మళ్లీ ఇసుకరాయి.

మీథేన్ రెండు రకాలుగా పుడుతుంది. నిన్న చూసింది సూక్ష్మజీవులు వండింది. రెండోది లోతున వంద డిగ్రీలు దాటిన వేడికి పాత జీవపదార్థం విరిగి పుట్టేది. రెంటినీ విడదీసేది కార్బన్-13 అనే కాస్త బరువైన రకం కార్బన్ వాటా. సూక్ష్మజీవుల మీథేన్‌లో అది బాగా తక్కువ. కృష్ణా-గోదావరి సముద్రపు అడుగున గడ్డకట్టి ఉన్న మీథేన్‌లో ఎక్కువ భాగం సూక్ష్మజీవులదే. అంటే అది రామప్ప బుడగకు చుట్టం, భూపాలపల్లి బొగ్గుకు కాదు.

భూమి కింది బొగ్గుబాయిలో పనిచేసిన ఎవరినడిగినా గ్యాసును రూఫ్ దగ్గర చూడాలని చెబుతారు. మీథేన్ బరువు గాలిలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. గాలి ఆడని మూలన కప్పుకు అంటుకుని ఉంటుంది. గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ మీథేనోమీటరును చేయి చాచి కప్పు కిందికి ఎత్తి చూసేది అందుకే. 1.25 శాతం దాటితే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి పంపాలి. ఓపెన్‌కాస్టు గట్టు మీద లేచే పొగను చూసి గ్యాసు లీకు అనుకోవద్దు. అది గాలి తగిలిన బొగ్గు తనంతట తానే రాజుకోవడం. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. చెరువు బుడగలో కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అదే గ్యాసు పాడుపడ్డ బావుల్లో పేరుకుంటే ప్రాణం తీస్తుంది. ఎక్కువైతే ముక్కు దాని వాసనను పట్టడమే మానేస్తుంది. బురద కోసం పాత బావిలోకి ఎవరూ దిగొద్దు.

మూడో రోజు: కాళేశ్వరం

మహదేవపూర్ మీదుగా పొద్దున్నే చేరుకున్నాం. ఇక్కడ ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. మూడోదైన సరస్వతి అంతర్వాహిని అని నమ్మకం, 2025 మే నెలలో ఆ నది పుష్కరాలు ఇక్కడే జరిగాయి. నేల కింద కనబడకుండా పారే నీరు ఒకటి ఉందన్న ఆలోచన, సముద్రపు ఊటల గురించి తెలుసుకునేవాళ్లకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

ఏప్రిల్‌లో నీరు తేటగా, ఇసుక తిన్నెలు వెడల్పుగా ఉంటాయి. నది తన ఒండ్రులో తొంభై పాళ్లకు పైగా వానాకాలంలోనే మోస్తుంది. అయితే ఆ ఒండ్రు తిన్నెల అంచుల్లో, వరద తీసినప్పుడు మిగిలిన గుంటల్లో పగుళ్లు తేలిన పెచ్చులుగా ఎండి ఉంది. ఒక పెచ్చు విరిచి నాలుక చివర తాకిస్తే అంటుకుపోతుంది. దక్కను నల్లరేగడి నుంచి వచ్చిన మెత్తటి బంకమన్ను అది. తడిస్తే ఉబ్బుతుంది, నీళ్లను తేలిగ్గా వదలదు. ఈ ఒక్క గుణమే సముద్రంలో ఇంత కథకూ కారణం.

లీటరు సీసాలు రెండింటిలో నది నీళ్లు పోసి, ఒక్కో చెంచా ఈ పెచ్చుల పొడి వేసి, బాగా గిలకొట్టాలి. ఒకదాంట్లో 35 గ్రాముల ఉప్పు కలపాలి, సముద్రపు ఉప్పదనం ఇంచుమించు అంతే. ఇసుక రెంటిలోనూ క్షణాల్లో అడుగుకు చేరుతుంది. ఆ తర్వాత ఉప్పు సీసాలో బురద విరిగిన పాలలా తునకలు తునకలుగా గుంపుకట్టి దిగిపోతుంది. ఉప్పు లేని సీసా మర్నాటికి కూడా మసకగానే ఉంటుంది. పాతకాలంలో కుండ లోపల చిల్లగింజ అరగదీసినా, ఇప్పుడు పటిక తిప్పినా జరిగేది ఇలాంటిదే. బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవడం మాని అతుక్కుంటాయి. ఉప్పు ముందు వేసి తర్వాత మట్టి వేస్తే గడ్డలు కడుతుంది, పోలిక చెడుతుంది. మట్టి కరిగాకే ఉప్పు.

గోదావరి మొగ దగ్గర ఈ పని మహా పెద్ద ఎత్తున జరుగుతుంది. ఒండ్రు గుట్టలుగా పడుతుంది, ఏటవాలు మీదుగా లోతుకు జారుతుంది. ఒక పొర తన నీళ్లను వదలకముందే మరో పొర మీద పడుతుంది. వదలని నీరు బరువు మోస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. తేలికైన బురద బరువైన పొరలను చీల్చుకుని పైకి ఉబుకుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్ అడుగున ఇలాంటి ఉబ్బెత్తులు ఉన్నాయి. ఆ ఉబుకు పైదాకా వచ్చి బురద కక్కితే అదే మడ్ వల్కేనో. పేరులో అగ్నిపర్వతం ఉన్నా అందులో లావా లేదు. బయటికి వచ్చేది బంకమన్ను, ఉప్పునీరు, మీథేన్.

మన దేశంలో మడ్ వల్కేనో చూడాలంటే అండమాన్‌లోని బారాటాంగ్‌కు వెళ్లాలి. 2004 డిసెంబరు 26 భూకంపం తర్వాత అక్కడ బురద బాగా ఎగజిమ్మింది. బలూచిస్తాన్‌లో హింగ్లాజ్ మాత దర్శనానికి వెళ్లేవాళ్లు ముందుగా చంద్రగుప్ అనే బురద కొండెక్కి కొబ్బరికాయ వేస్తారు. అదీ ఇదే జాతి. ఆ తీరానికే ఎదురుగా, గ్వాదర్ దగ్గర, 2013 సెప్టెంబరు 24 భూకంపానికి సముద్రంలోంచి బురద దిబ్బ ద్వీపంగా లేచింది, మూడేళ్లలో అలలకు కొట్టుకుపోయింది.

మడ్ వల్కేనో ఆకారం ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటుందో కాళేశ్వరం ఒండ్రుతోనే చూడవచ్చు. ప్లాస్టిక్ డబ్బా అడుగున చేపల తొట్టి పంపు గొట్టం పెట్టి, రెండు వేళ్ల మందం ఇసుక పరచి, పైన జానెడు బురద పోయాలి. బురద ఇడ్లీ పిండిలా ఉంటే గాలి ఒక్కచోట చిల్లు చేసుకుని చుట్టూ చిన్న పుట్ట కడుతుంది. దోసె పిండికన్నా జారుగా ఉంటే పుట్ట నిలవదు, బుడగలు పేలే గుంట మిగులుతుంది. ఇసుక లేకపోతే బురద గొట్టంలోకి దూరి పంపు చెడుతుంది.

ఇక సముద్రపు అడుగు. 1,750 మీటర్ల లోతున ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 175 రెట్లు, నీటి చలి నాలుగు డిగ్రీల చుట్టూ. అక్కడ మీథేన్, నీరు కలిసి మంచులాంటి గడ్డ కడతాయి. అదే గ్యాస్ హైడ్రేట్. ఒక పాలు గడ్డ కరిగితే 164 పాళ్ల గ్యాసు వస్తుంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక ఈ బేసిన్‌లో తవ్వినప్పుడు ఒకచోట దాదాపు 128 మీటర్ల మందాన హైడ్రేట్ నిండిన బంకమన్ను దొరికింది. గడ్డ కట్టని గ్యాసు పగుళ్ల వెంట పైకి పాకుతుంది.

ఆ గ్యాసు పైకి చేరేలోపు దారిలో ఒక కాపలా ఉంది. కింది నుంచి మీథేన్, పైనుంచి సముద్రపు సల్ఫేట్ కలిసే పొరలో రెండు జాతుల సూక్ష్మజీవులు ఒకే ముద్దగా కలిసి బతుకుతాయి. ఒకటి మీథేన్‌ను తింటుంది, రెండోది సల్ఫేట్‌తో ఆ పని పూర్తిచేస్తుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయి. అమెరికా పడమటి తీరాన ఆరెగాన్ దగ్గర హైడ్రేట్ రిడ్జ్ బురదలో 2000లో ఈ జోడీని సూక్ష్మదర్శినిలో చూపించారు. సముద్రపు బురదలో పుట్టే మీథేన్‌లో చాలా భాగం నీటిలోకి రాకముందే ఇలా ఖర్చయిపోతుంది. లేకపోతే మన వాతావరణం ఎప్పుడో ఇంకోలా ఉండేది.

ఈ పని నుంచి రెండు వస్తువులు మిగులుతాయి. బైకార్బొనేట్ కాల్షియంతో కలిసి సున్నపురాయి పెచ్చు కడుతుంది. మెత్తటి బురదలో జీవులు పట్టుకుని ఉండటానికి గట్టి నేల దొరికేది దాని వల్లే. 2007లో మారియన్ డుఫ్రేన్ నౌక ఈ బేసిన్‌లో తీసిన బురద గొట్టాల్లో అలాంటి పెచ్చులు, ఎప్పుడో ఆగిపోయిన ఊట మీద బతికిన చిప్పలు దొరికాయి. రెండో వస్తువు హైడ్రోజన్ సల్ఫైడ్. మనల్ని చంపే ఆ విషమే అక్కడి వంటింటి పొయ్యి.

వెసికోమయిడ్ జాతి చిప్ప తన కాలిని బురదలోకి దించి సల్ఫైడ్‌ను పీల్చి, రక్తంలో మొప్పలకు పంపుతుంది. మొప్పల్లో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని ఆక్సిజన్‌తో కలిపి, ఆ శక్తితో తిండి తయారుచేసి పెడుతుంది. బాతీమోడియోలస్ అనే మసెల్ రకం చిప్ప మొప్పల్లో మీథేన్‌నే నేరుగా తినే బ్యాక్టీరియా ఉండగలదు. అందుకే మసెల్స్ గ్యాసు పారే పగుళ్ల అంచున, వెసికోమయిడ్ చిప్పలు సల్ఫైడ్ ఊరే మెత్తటి బురదలో ఉంటాయి. ఈ రెండు రకాలూ మన గోదావరి ఊట దగ్గర ఉన్నాయి. మెక్సికో సింధుశాఖలోని లామెల్లిబ్రాకియా గొట్టపు పురుగుకు నోరు, పేగు రెండూ లేవు. బురదలోకి వేరులాంటి తోక దించి సల్ఫైడ్ పీలుస్తూ 250 ఏళ్లకు పైగా బతుకుతుంది. ఊట సాగినంత కాలం తొందరపడాల్సిన పని దానికి లేదు.

నాలుగో రోజు: పగిడేరు

వెనక్కి వచ్చి ములుగు దగ్గర జాతీయ రహదారి ఎక్కి, తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట మీదుగా మణుగూరు. దారిలో మల్లూరు గుట్ట మీద చింతామణి జలధార రాతి సందులోంచి ఏడాది పొడవునా పారుతుంది. పక్కనే ఆగి, రాయి ఎక్కడ పగిలి ఉందో, నీరు ఆ పగులునే ఎలా పట్టుకుని వస్తుందో చూసి కదలవచ్చు.

పగిడేరులో బోరు వేస్తే వేడినీరు మోటారు లేకుండానే పైకి వస్తుంది. ఎత్తున కురిసిన వాన ఇసుకరాయిలోకి దిగి, నీరు చొరని పొరల కింద చిక్కుకుని, కిలోమీటరు లోతుకు సుమారు 30 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. బోరు ఆ మూతకు చిల్లు. ఈ వేడితో 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటును ఇక్కడ ప్రయోగంగా పెట్టారు. నీటిలో చేయి పెట్టకండి, ముందు తాడుకు కట్టిన థర్మామీటరు దించండి.

ఇలాంటి వేడి కాలువల అంచున జారుడుగా పట్టే పచ్చని పొరను చూసి సముద్రపు ఊట జీవాలు ఇవేనని పొరబడటం సులువు. పచ్చగా ఉందంటే అది ఎండతో బతికేదే. ఇంకో పొరపాటు వేడి. 1977లో గాలపాగోస్ దగ్గర దొరికినవి వేడి బిలాలు. 1980ల మొదట్లో ఫ్లోరిడా ఏటవాలు అడుగున, 3,200 మీటర్ల లోతున దొరికినవి చల్లని ఊటలు, అక్కడి నీరు చుట్టూ ఉన్న సముద్రమంత చల్లనే. పగిడేరు నుంచి నేర్చుకోవలసింది వేడి కాదు. మూత, ఒత్తిడి, చిల్లు.

సాయంత్రానికి హనుమకొండ చేరి, రామప్ప నుంచి బకెట్లో మూతపెట్టి తెచ్చిన నల్ల బురదను లోపలిది కనిపించే రెండు సీసాల్లో నింపాం. ఒక్కోదాంట్లో మూడొంతుల బురద, పిడికెడు చించిన వార్తాపత్రిక ముక్కలు, చెంచా చాక్‌పీసు పొడి, పైన నాలుగు వేళ్ల చెరువు నీరు. ఒకదాంట్లో మాత్రం సీలింగుకు వాడే పీఓపీ పొడి 10 గ్రాములు కలపాలి. అది జిప్సమ్‌గా మారి నీటికి సల్ఫేట్ ఇస్తుంది. లీటరుకు కరిగేది రెండున్నర గ్రాముల లోపే అయినా, సముద్రంలో ఉన్న సల్ఫేట్‌లో సగానికి సరిపోతుంది. పీఓపీని పొడిగానే ఒకచోట పోస్తే గడ్డకడుతుంది, ముందు కొద్ది నీళ్లలో కలిపి వెంటనే బురదలో తిప్పాలి.

రెండు సీసాలనూ నేరుగా ఎండ పడని కిటికీలో పెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు కదపకూడదు. మామూలు సీసాలో గ్యాసు సందులు ఎక్కువ కనిపిస్తాయి. పీఓపీ సీసా నల్లబడి గుడ్డు వాసన కొడుతుంది, వెలుతురు వైపు గోడ మీద ఊదా, ఆకుపచ్చ మరకలు పాకుతాయి. ఊదావి సల్ఫైడ్‌తో బతికే బ్యాక్టీరియా. మూతలు బిగించొద్దు, అర చుట్టు వదులుగా ఉంచి, సీసా మీద తేదీ, చెరువు పేరు, లోతు రాసి అంటించాలి. బిగిస్తే గ్యాసు నిండి సీసా పగులుతుంది, ఆ నల్ల బురద గోడకు పడితే మరక పోవడం కష్టం.